కాలేజీ లైబ్రరీకి పుస్తకాలు ఎలా కొనాలి: జాబితా నుంచి బిల్లు చెల్లింపు దాకా

లైబ్రరీ బాధ్యత కొత్తగా మీద పడినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీల్లో తెలుగు మేడంకో, కామర్స్ సార్‌కో ఇన్‌చార్జి ఇచ్చేస్తారు. తాళాలు, రిజిస్టర్లు చేతికొస్తాయి. పుస్తకాలు ఎలా కొనాలో మాత్రం చెప్పేవాళ్లు ఉండరు. ఫిబ్రవరి దాటగానే ఆఫీసు నుంచి కబురొస్తుంది, మార్చి 31 లోపు ఇంత డబ్బు ఖర్చు పెట్టాలని. అదే వారంలో ఒక సప్లయర్ మనిషి గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. అతని బ్యాగులో పుస్తకాల జాబితా సిద్ధంగా ఉంటుంది. వేర్వేరు పేర్లతో మూడు కొటేషన్లు కూడా సిద్ధంగానే ఉంటాయి. సంతకం పెడితే వారంలో పెట్టెలు దిగుతాయి, టెన్షన్ తీరిపోతుంది. కానీ ఆ పుస్తకాల్లో చాలావాటిని ఆ తర్వాత ఏ విద్యార్థీ బీరువాలోంచి తీయడు.

నెల్లూరు, కావలి, ఆత్మకూరు, ఒంగోలు, ఎక్కడి కాలేజీ అయినా నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే. జాబితా మీ కాలేజీలో పుట్టాలి. సప్లయర్ దాని తర్వాతే రావాలి. ఈ వరస తలకిందులైతే తర్వాత ఎన్ని కొటేషన్లు పిలిచినా, ఎంత డిస్కౌంట్ వచ్చినా ఉపయోగం లేదు.

ముందు డబ్బు లెక్క తేల్చుకోండి

జూన్‌లో కాలేజీ తెరవగానే ఆఫీసు సూపరింటెండెంట్ దగ్గర కూర్చుని రెండు విషయాలు అడగండి. ఈ ఏడాది పుస్తకాలకు ఏయే పద్దుల్లో ఎంత డబ్బుంది? కిందటేడాది కొనుగోలు ఫైలు ఎక్కడుంది? ప్రభుత్వ బడ్జెట్, విద్యార్థుల నుంచి వసూలైన లైబ్రరీ ఫీజు, యాజమాన్యం ఇచ్చేది, ప్రత్యేక గ్రాంటు ఏదైనా ఉంటే అది, ఒక్కోదానికి ఒక్కో నిబంధన ఉంటుంది. ప్రభుత్వ కాలేజీ అయితే రాష్ట్ర ఆర్థిక నియమాలు, కళాశాల విద్యా కమిషనరేట్ ఉత్తర్వులు వర్తిస్తాయి. కేంద్ర సంస్థలు 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ పాటిస్తాయి. ప్రైవేటు కాలేజీలో యాజమాన్యం పెట్టిన పర్చేజ్ కమిటీ మాటే నియమం. ఎంత మొత్తం దాటితే కొటేషన్లు పిలవాలి, ఎంత దాటితే టెండరు వేయాలి అన్న పరిమితులు మారుతూ ఉంటాయి కాబట్టి తాజా ఉత్తర్వు కాపీ తెప్పించుకుని మీ ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోండి.

వచ్చే మొత్తాన్ని అప్పుడే భాగాలు చేయండి. పాఠ్యపుస్తకాలకు ఇంత, రిఫరెన్స్‌కు ఇంత, పోటీ పరీక్షలకు, తెలుగు సాహిత్యానికి, పత్రికలకు, బైండింగుకు ఇంత అని. బైండింగుకు పక్కన పెట్టకపోతే రెండో ఏడాదికే మంచి పుస్తకాల అట్టలు ఊడిపోతాయి. పోటీ పరీక్షల పుస్తకాలకు పరిమితి రాసుకోకపోతే అవే మొత్తం డబ్బు మింగేస్తాయి. వాటికి గిరాకీ ఎక్కువే, కాదనను. అయితే ఏడాది తిరిగేసరికి పాతబడిపోయే సొమ్ము అది.

జాబితా తయారుచేయడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. 

మొదట ఇష్యూ రిజిస్టర్ తిరగేయండి. ఏ పుస్తకం కోసం పిల్లలు వరసలో ఉన్నారు, ఏది ఐదేళ్లుగా కదల్లేదు అన్నది అందులో తెలిసిపోతుంది. తర్వాత సిలబస్ తీయండి. నెల్లూరు వైపు కాలేజీలకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలు వైపు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లలో సిలబస్ ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు రూపం ఈ మధ్య వెంటవెంటనే మారింది. 2020-21లో సిలబస్ సవరించారు, 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం తెచ్చారు. మూడు సబ్జెక్టుల పాత పద్ధతికి రాసిన పాఠ్యపుస్తకాలు కొట్లలో ఇంకా కట్టలు కట్టలుగా ఉన్నాయి, వాటిని వదిలించుకోవడానికి అమ్మకందారులు తొందరపడుతుంటారు. మీ జాబితాలో ప్రతి పాఠ్యపుస్తకం పక్కన అది ఏ సెమిస్టర్‌లో ఏ పేపరుకు పనికొస్తుందో రాయండి. రాయలేకపోయారంటే ఆ పుస్తకం అక్కర్లేదు.

ఇంకో సంగతి. 2021-22 నుంచి డిగ్రీలో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేశారు. కానీ పల్లెల్లో తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లకు మొదటి ఏడాది ఎకనామిక్స్ ఇంగ్లిష్ పుస్తకం ఒక్కసారిగా మింగుడు పడదు. పక్కన తెలుగు అకాడమీ పుస్తకం పెట్టుకుని విషయం అర్థం చేసుకున్నాక ఇంగ్లిష్‌లోకి వెళ్తుంది. అందుకే ముఖ్యమైన ప్రతి సబ్జెక్టుకూ రెండు భాషల్లోనూ కొనండి. మీడియం మారింది కదా తెలుగు పుస్తకాలు ఎందుకు అని ఎవరైనా అంటే ఇష్యూ రిజిస్టర్ చూపించండి.

మన నేల సంగతులూ జాబితాలో ఉండాలి. తీరం వెంబడి రొయ్యల సాగు ఉంది, ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది, మన జువాలజీ పిల్లలు ఆక్వా వైపు ఉద్యోగాలకు పోతున్నారు. చీమకుర్తి గ్రానైట్ మీద ప్రాజెక్టు చేసే కామర్స్ విద్యార్థి, ఒంగోలు జాతి పశువుల మీద రాసే విద్యార్థి, తిక్కన మీద సెమినార్ పేపరు తయారుచేసే విద్యార్థి మన దగ్గరికే వస్తారు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో తయారైన జాబితాలో ఇవేవీ ఉండవు.

లెక్చరర్ల దగ్గర నుంచి ఇండెంట్లు, అంటే కావాల్సిన పుస్తకాల వివరాలు తీసుకోండి. నోటితో చెబితే రాసుకోవద్దు, కాగితం మీదే తీసుకోండి. రచయిత, పేరు, ప్రచురణకర్త, ఎడిషన్, సంవత్సరం, ఐఎస్‌బిఎన్, ఎన్ని కాపీలు, ఏ పేపరుకు, అడిగినవారి సంతకం, ఇంతే. విద్యార్థుల కోసం కౌంటర్ మీద ఒక నోటుపుస్తకం ఉంచండి. 'ఫలానా పుస్తకం లేదు' అని ఎవరు వెనుదిరిగినా అందులో ఆ పేరు రాసి వెళ్లాలి. ఇండెంట్లకన్నా ఆ నోటుపుస్తకమే నిజం చెబుతుంది.

ఐఎస్‌బిఎన్ అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2007 నుంచి అది 13 అంకెల సంఖ్య. మన దేశపు పుస్తకాలకు సాధారణంగా 978-81తోనో 978-93తోనో మొదలవుతుంది. అంకెలను వరసగా 1తో, 3తో మార్చి మార్చి గుణించి కూడితే వచ్చే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. అలా రాకపోతే ఎక్కడో అంకె తప్పు పడినట్టు. అన్నిటికన్నా ముఖ్యమైంది, ఒకే పుస్తకానికి పేపర్‌బ్యాక్‌కు ఒక నంబరు, గట్టి అట్టకు వేరే నంబరు ఉంటుంది. జాబితాలో నంబరు లేకపోతే సప్లయర్ తనకు లాభమైనదే పంపుతాడు.

కాపీల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒకే పాఠ్యపుస్తకం 40 కాపీలు కొనడం కన్నా 5 కాపీలు కొని, అందులో ఒకటి ఇంటికివ్వకుండా రీడింగ్ రూమ్‌లో ఉంచి, మిగిలిన డబ్బుతో అదే విషయం మీద వేరే రచయితలవి తేవడం మేలు.

జాబితాను మన క్యాటలాగ్‌తో సరిచూసి, ఉన్నవి కొట్టేసి, లైబ్రరీ కమిటీ ముందు పెట్టి మినిట్స్ రాయించి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. ఇక బయటికి వెళ్లవచ్చు.

సప్లయర్లను వెతకడం

ఒక్కరి దగ్గరే అన్నీ దొరకవు. నెల్లూరు, ఒంగోలు షాపులు పాఠ్యపుస్తకాలకు, అత్యవసరానికి పనికొస్తాయి. ధర కొంచెం అటూఇటూ అయినా చిరిగినది రేపే మార్చి ఇస్తారు. తెలుగు సాహిత్యానికి విజయవాడ ఏలూరు రోడ్డు. ఇంగ్లిష్ సైన్స్ పుస్తకాలకు నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర, ఒంగోలు వాళ్లకు విజయవాడ, హైదరాబాద్ అలవాటు. పెద్ద డిస్ట్రిబ్యూటర్లు ఢిల్లీ దరియాగంజ్‌లో ఉంటారు.

సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్, పబ్లికేషన్స్ డివిజన్, విశ్వవిద్యాలయాల ప్రచురణలను నేరుగా వాళ్ల దగ్గరే తీసుకోండి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే తెలుగు రచయితలు ఎందరో ఉన్నారు. మన జిల్లా చరిత్ర, ఊళ్ల కథలు, శాసనాల మీద పరిశోధన చాలావరకు అలా వచ్చినవే. వాటిని ఏ పెద్ద సప్లయరూ తేడు, అందులో మిగిలేది ఏమీ ఉండదు కాబట్టి 'అవుట్ ఆఫ్ ప్రింట్' అని రాసి పంపేస్తాడు. రచయితకే ఫోన్ చేయండి. పోస్టల్ శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ పేరుతో పుస్తకాలకు తక్కువ రేటు పెట్టింది. చిన్న ప్రచురణకర్తకు అది అక్కరకొస్తుంది.

కొత్త సప్లయర్ వస్తే పాన్, బ్యాంకు వివరాలు, ఏయే కాలేజీలకు ఇచ్చాడో ఆ జాబితా అడగండి. ఆ కాలేజీల్లో రెండింటికి ఫోన్ చేసి, అడిగిన పుస్తకాల్లో ఎన్ని ఇచ్చాడు, చెడ్డవి మార్చాడా అని కనుక్కోండి. రొయ్యల చెరువు వేసే రైతు సీడ్‌ను, అంటే రొయ్య పిల్లలను పరీక్ష చేయించకుండా చెరువులోకి వదలడు. లైబ్రరీ డబ్బు విషయంలో మనం అంతకన్నా తక్కువ జాగ్రత్తగా ఉండకూడదు.

కొటేషన్ అడిగే పద్ధతి

ఒకే జాబితాను, ఒకే షరతులతో, ఒకే రోజు కనీసం ముగ్గురికి పంపండి. ఆ ముగ్గురూ నిజంగా వేర్వేరు మనుషులై ఉండాలి. ఒకే ప్రింటర్ మీద తీసిన మూడు లెటర్‌హెడ్లు ఆడిటర్ కళ్లకు దొరక్కుండా పోవు.

'ఎంత డిస్కౌంట్ ఇస్తారు' అని ఒక్క ముక్క అడిగి ఊరుకోవద్దు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. భారతీయ ప్రచురణలకు ఎంత, దిగుమతి పుస్తకాలకు ఎంత, తెలుగు పుస్తకాలకు ఎంత? మా జాబితాలో ఎన్ని ఇవ్వగలరు? ఎన్ని రోజుల్లో? రవాణా ఖర్చు ఎవరిది? పేజీలు లేనివి, చిరిగినవి ఎన్నాళ్లలో మారుస్తారు? డాలర్, పౌండ్ ధరలున్న పుస్తకాలకు ఏ మారకపు రేటు? ఈ చివరి దానికి మన దేశంలో చాలా లైబ్రరీలు పుస్తక వ్యాపార రంగానికి చెందిన గుడ్ ఆఫీసెస్ కమిటీ ప్రకటించే రేటును పాటిస్తాయి. బిల్లు మీద ఆ రేటు, దాని తేదీ ఉండాలని ముందే రాయండి. లేకపోతే సప్లయర్ తనకు అనుకూలమైన రేటు వేస్తాడు.

డిస్కౌంట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పుస్తకాల వ్యాపారి ప్రచురణకర్త దగ్గర తగ్గింపు ధరకు కొంటాడు. ఆ తగ్గింపులోంచే అతని అద్దె, జీతాలు, రవాణా, మనం ఆలస్యంగా డబ్బిచ్చే నెలల వడ్డీ, అన్నీ గడవాలి. మిగిలినదాంట్లో కొంత మనకు వదులుతాడు. పేరున్న ప్రచురణకర్తల కొత్త పుస్తకాల మీద 10 నుంచి 25 శాతం ఇచ్చాడంటే అది నిజాయితీగా ఇవ్వగలిగినదే. 45, 50 శాతం ఇస్తానంటే ఆగి ఆలోచించండి. అది అమ్ముడుపోని పాత సరుకైనా కావాలి, దొంగ ముద్రణైనా కావాలి, తగ్గించి చూపడానికే పెంచి వేసిన ధరైనా కావాలి.

ఒక లెక్క చూడండి. ఒకే పుస్తకం గట్టి అట్ట ధర 1,995 రూపాయలు, పేపర్‌బ్యాక్ 595 రూపాయలు అనుకుందాం. మొదటి సప్లయర్ 40 శాతం తగ్గించి గట్టి అట్టది ఇస్తే 1,197 రూపాయలు. రెండో అతను 15 శాతమే తగ్గించి పేపర్‌బ్యాక్ ఇస్తే 505 రూపాయల 75 పైసలు. శాతాలు మాత్రమే చూసే కమిటీ మొదటివాడికే ఆర్డర్ ఇస్తుంది. అందుకే కొటేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో డిస్కౌంట్ శాతంతో పాటు ఒక్కో పుస్తకానికి చివరికి ఎంత పడుతుందో, అడిగినవాటిలో ఎన్ని ఇస్తున్నాడో రెండు వరసలు కలపండి. 200 పుస్తకాలు అడిగితే సులువుగా దొరికే 90 మాత్రం ఇచ్చి మిగతావి లేవనేవాడి రేటు కాగితం మీద తక్కువే ఉంటుంది. కానీ మన పిల్లలకు కావాల్సింది ఆ మిగిలిన 110లో ఉంటుంది.

అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. కొటేషన్‌లో అచ్చు పుస్తకాలకు పన్ను కలిపితే కారణం అడగండి.

'లైబ్రరీ ఎడిషన్' ఉచ్చు

దీన్ని విడిగా చెప్పకపోతే నాకు మనసొప్పదు, ఎందుకంటే మన కాలేజీల డబ్బు ఎక్కువగా ఇక్కడే వృథా అవుతోంది. కొన్ని సంస్థలు లైబ్రరీలకు అమ్మడానికే పుస్తకాలు వేస్తాయి. మెరిసే అట్ట, పెద్ద అక్షరాలు, 1,500 నుంచి 3,000 దాకా ధర. ఏ షాపులోనూ దొరకవు, ఏ విద్యార్థీ సొంతంగా కొనడు. లోపల చూస్తే ఇంటర్నెట్‌లో దొరికే వ్యాసాలు అతికించినట్టు ఉంటుంది. విషయసూచిక సరిగా ఉండదు, చివర ఆధారాలు ఉండవు, రచయిత ఎవరో తెలియదు. మార్చిలో తయారుగా వచ్చే జాబితాలు ఇలాంటివాటితోనే నిండి ఉంటాయి. 50 శాతం తగ్గింపు ఇచ్చినా వాళ్లకు లాభమే.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఆ పుస్తకం ఏదైనా విశ్వవిద్యాలయం సిలబస్‌లో ఉందా చూడండి. రచయిత ఎక్కడ పనిచేస్తారో వెతకండి. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ క్యాటలాగ్‌లో ఉందా చూడండి. రెండు పేజీలు చదవమని ఆ సబ్జెక్టు లెక్చరర్‌కు ఇవ్వండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

పాత పుస్తకాల పునర్ముద్రణలదీ ఇలాంటి కథే. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత కాపీరైట్ తీరిపోతుంది. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ లాంటివాటి స్కాన్ కాపీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వేల రూపాయలు పెట్టి మసక ముద్రణ కొనేముందు ఆ స్కాన్ దించి, కావాల్సిన అధ్యాయాలు ప్రింటు తీసి బైండు చేయించవచ్చేమో చూడండి.

ఆర్డర్ ఇవ్వడం

పర్చేజ్ ఆర్డర్‌లో నంబరు, తేదీ, పుస్తకాల పూర్తి జాబితా, ఒప్పుకున్న డిస్కౌంట్, ఆఖరు తేదీ ఉండాలి. కింద ఈ షరతులు రాయండి: తాజా ఎడిషన్ మాత్రమే పంపాలి, ఒక పుస్తకం బదులు ఇంకొకటి పంపకూడదు, ఆఖరు తేదీ దాటిన పుస్తకాలకు ఆర్డర్ రద్దయినట్టే, ధర మీద అనుమానం వస్తే ప్రచురణకర్త క్యాటలాగో ఇన్‌వాయిస్సో చూపాలి.

ఆఖరు తేదీ పెట్టేటప్పుడు మన వాతావరణం గుర్తుంచుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగాయి. ట్రాన్స్‌పోర్ట్ గోదాముల్లో తడిసిన పుస్తకాల పెట్టె ఎండబెట్టినా అట్టలు వంకరపోతాయి, బూజు పడుతుంది. మొదటి విడత ఆర్డర్ జూలైలో ఇచ్చి సెప్టెంబర్ లోపు సరుకు దిగేలా చూడండి. రెండో విడత జనవరిలో. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది కాబట్టి ఇద్దరు లెక్చరర్లను తీసుకుని వెళ్తే పుస్తకం చేతిలోకి తీసుకుని చూసి ఎంచుకోవచ్చు. కమిటీ తీర్మానం ముందే రాయించుకుని వెళ్లండి. అక్కడ షాపుల నుంచి ప్రోఫార్మా ఇన్‌వాయిస్, అంటే ధరలు రాసిన ముందస్తు బిల్లు తీసుకుని, తిరిగొచ్చాక ఆర్డర్ పంపడం సురక్షితం.

కొందరు సప్లయర్లు చూడటానికని పుస్తకాలు దించి వెళ్తామంటారు. మంచి పద్ధతే, డిపార్ట్‌మెంట్లకు చూసే అవకాశం వస్తుంది. కాకపోతే అప్రూవల్ మెమో మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అన్నది రాయించుకుని సంతకాలు చేసుకోండి. గడువు దాటితే 'మీ దగ్గరే ఉంచుకున్నారు కదా' అని బిల్లు పంపుతారు.

పెట్టెలు వచ్చాక

స్టాంపు మాత్రం ముందే వేయకండి. కాలేజీ ముద్ర పడిన పుస్తకాన్ని ఏ సప్లయరూ వెనక్కి తీసుకోడు.

పెట్టెను ఇంకొకరి ఎదుట తెరవండి. మీ ఆర్డర్, వాళ్ల బిల్లు, పుస్తకం, మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూడండి. ఎడిషన్ అదేనా, ఐఎస్‌బిఎన్ అదేనా, ధర మీద స్టిక్కర్ అతికించారా? స్టిక్కర్ ఉంటే మెల్లగా తీసి కింద ఏముందో చూడండి. ఆ తర్వాత పేజీలు తిప్పండి. పుస్తకాలు సాధారణంగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి పోతే ఒక ఫారం మొత్తం పోతుంది, లేదా ఒకటే ఫారం రెండుసార్లు వస్తుంది. పలచటి కాగితం, అలికినట్టున్న బొమ్మలు, అట్ట మీద రంగు వెలిసినట్టు ఉండటం, తెరవగానే జిగురు విడిపోవడం, ఇవి కనిపిస్తే దొంగ ముద్రణ అని అనుమానించండి. అలాంటి ముద్రణ చట్టవిరుద్ధం, రాసినవాళ్లకు ద్రోహం కూడా.

తేడాలున్నవి విడిగా పెట్టి అదే రోజు సప్లయర్‌కు మెయిల్ పంపండి. ఫోన్‌లో చెప్పింది రుజువుగా నిలవదు.

సరిగా ఉన్నవాటిని లైబ్రరీకి చేరిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించండి. ఒక్కో కాపీకి ఒక్కో నంబరు. ఐదు కాపీలొస్తే ఐదు నంబర్లు. బిల్లు నంబరు, తేదీ, అసలు ధర, చెల్లించే ధర, సప్లయర్ పేరు అందులోనే రాయాలి. కోహా, సోల్, ఇ-గ్రంథాలయ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్నా రిజిస్టర్‌ను వదలకండి, ఆడిట్‌కు వచ్చేవాళ్లు ముందు అడిగేది దాన్నే. ఇప్పుడు స్టాంపు వేసి, వర్గీకరణ నంబరు ఇచ్చి, స్పైన్ లేబుల్ అతికించండి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష 494.827. రెండూ కలిపేసి ఒకే బీరువాలో పెట్టేస్తే వ్యాకరణం కోసం వచ్చినవాళ్లు కథల మధ్య వెతుక్కోవాల్సి వస్తుంది.

బిల్లు చెల్లింపు

బిల్లు వెనక 'ఈ పుస్తకాలు ఆర్డర్ ప్రకారం మంచి స్థితిలో అందాయి, యాక్సెషన్ నంబర్లు ఇంతనుంచి ఇంతవరకు నమోదు చేశాం' అని రాసి సంతకం చేయండి. దానికి ఆర్డర్ కాపీ, కంపారిటివ్ స్టేట్‌మెంట్, కమిటీ మినిట్స్, విదేశీ ధరలుంటే మారకపు రేటు కాగితం జతచేసి ఆఫీసుకు పంపండి. ఎప్పుడు పంపారో తేదీ రాసుకోండి, పది రోజులకొకసారి వెళ్లి అడగండి.

సప్లయర్‌తో కచ్చితంగా ఉండాలని ఇంతసేపూ చెప్పాను. ఇక మన వైపు బాధ్యత. ఊళ్లో చిన్న షాపువాడు అప్పు తెచ్చి మనకు పుస్తకాలిస్తాడు. సరుకు తీసుకుని ఎనిమిది నెలలు తిప్పుకుంటే వచ్చే ఏడాది కొటేషన్‌లో ఆ వడ్డీ కలుస్తుంది, లేదా అతను కొటేషనే ఇవ్వడు. చివరికి మన దగ్గరికి వచ్చేది మార్చి జాబితాల వాళ్లే. చెల్లింపు ఆలస్యమైతే కారణం చెప్పి ఒక ఉత్తరం రాయండి. ఆ మర్యాద చేసినా అతను మన వెంట ఉంటాడు.

బిల్లులో తగ్గించాల్సిన డిస్కౌంట్‌ను బీరువాగానో కుర్చీలుగానో ఇస్తామని కొందరంటారు. ఒప్పుకోకండి. తగ్గింపు ఏదైనా బిల్లు మీదే కనిపించాలి. మీకంటూ ఏదైనా ఇస్తామంటే అక్కడితో అతని పేరు జాబితాలోంచి తీసేయండి.

పత్రికలు, ఆన్‌లైన్ వనరులు

పత్రికల చందా జనవరి నుంచి డిసెంబర్ దాకా నడుస్తుంది, డబ్బు ముందే కట్టాలి. కాబట్టి ఆర్డర్ అక్టోబర్, నవంబర్లలో వెళ్లాలి. ముందు కట్టే డబ్బులో ప్రమాదం ఉంది. 2003లో రోకామ్, 2014లో స్వెట్స్ అనే అంతర్జాతీయ చందా ఏజెన్సీలు దివాలా తీసినప్పుడు ప్రపంచమంతా లైబ్రరీల సొమ్ము మునిగింది. మనలాంటి కాలేజీ తెప్పించే భారతీయ పత్రికలకు ఏజెంటు అక్కర్లేదు, ప్రచురించేవాళ్లకే నేరుగా కట్టండి. సంచిక రాగానే రిజిస్టర్‌లో గుర్తు పెట్టండి. రానిదాని కోసం వెంటనే రాయాలి, నెలలు గడిచాక అడిగితే పాత సంచికలు అయిపోయాయంటారు. నాణ్యమైన పరిశోధన పత్రికలంటూ యూజీసీ ఇచ్చే కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి ఏ పత్రిక మంచిదో ఇప్పుడు మన లెక్చరర్లే చూసి తేల్చాలి. 'కేర్ లిస్టెడ్' అని పాత ముద్ర చూపించి చందా అడిగితే ఒప్పుకోవద్దు.

ఇ-బుక్స్, డేటాబేస్‌లు అమ్మేవాళ్లు కూడా ఈ మధ్య బాగా తిరుగుతున్నారు. వాళ్లతో మాట్లాడేముందు మనకు ఇప్పటికే ఏమేం దొరుకుతున్నాయో చూడండి. యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఎన్-లిస్ట్ ద్వారా కాలేజీలకు వేల ఇ-జర్నళ్లు, లక్షకు పైగా ఇ-బుక్స్ కొన్ని వేల రూపాయల వార్షిక రుసుముతోనే అందుతాయి. ప్రభుత్వ కాలేజీ అయితే 2025 జనవరి 1న మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు ఉన్నాయి. మీ కాలేజీ అందులో నమోదైందో లేదో ఈ వారమే చూడండి. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఎవరికైనా ఉచితం. ఇవన్నీ పోగా ఇంకా కావాల్సింది ఉంటేనే అమ్మేవాడిని కూర్చోబెట్టండి. చందా ఆపేస్తే పాతవి మనకు ఉంటాయా పోతాయా, పిల్లలు ఇంటి నుంచి ఫోన్‌లో చదవగలరా, ఎంతమంది చదివారో నెలనెలా లెక్క ఇస్తారా అని అడిగి, జవాబులు ఒప్పందంలో రాయించండి.

ఏడాది చివర

స్టాక్ వెరిఫికేషన్ వాయిదా వేయకండి. కేంద్ర నియమాల ప్రకారం 20,000 పుస్తకాల లోపున్న లైబ్రరీలో ఏటా, 20,000 నుంచి 50,000 దాకా ఉంటే మూడేళ్లకు మించకుండా ఒకసారి పూర్తిగా లెక్కపెట్టాలి. ఏడాదిలో విద్యార్థులకు ఇచ్చిన, అక్కడే చదివిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడాన్ని ఆ నియమాలు సహజ నష్టంగా ఒప్పుకుంటాయి. రాష్ట్ర కాలేజీ అయినా ఇది కొలమానంగా పనికొస్తుంది. పుస్తకం పోతుందేమోనని బీరువాలకు తాళం వేసి ఉంచే ఇన్‌చార్జిలకు ఈ అంకె చూపించాలి.

ఏప్రిల్‌లో ఒక కాగితం తీసుకుని ఒక్కో సప్లయర్‌కు ఒక్కో వరస రాయండి. ఎన్ని అడిగాం, ఎన్ని వచ్చాయి, ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని తిప్పి పంపాం, మనం ఎన్ని రోజులకు చెల్లించాం. కింద, ఈ ఏడాది కొన్నవాటిలో ఒక్కసారి కూడా ఇష్యూ కానివాటి పేర్లు, అడిగినా దొరకనివాటి పేర్లు రాయండి. దొరకనివాటిని అడిగిన లెక్చరర్‌కూ విద్యార్థికీ ఆ సంగతి చెప్పి, ఇంకా కావాలంటే ప్రచురణకర్తకు నేరుగా రాయండి. ఆ కాగితాన్ని జూన్‌లో కొత్త ఇండెంట్లతో కలిపి లైబ్రరీ కమిటీ ముందు పెట్టండి.